పడవకు పెట్టుబడి ఎవరు పెట్టారు?

(విశ్వకర్మ జయంతి సందర్భంగా ఢిల్లీ కార్యాలయంలోని తెలుగు ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగం)



చేతివృత్తుల మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. చేనేత గురించి, కొండపల్లి బొమ్మల గురించి మీలో చాలామందికి నాకంటే బాగా తెలుసు. అందుకని ఢిల్లీలో ఉన్నవాళ్ళకు వెంటనే తట్టని వృత్తిని ఎంచుకున్నాను. అది చెక్క పడవల తయారీ.

సముద్రం మనకు ఇక్కడ చాలా దూరం. అయినా పడవలు చూడాలనుకుంటే ఈ ఊళ్ళోనూ చోటుంది. చలికాలంలో తెల్లవారుజామున యమునా ఘాట్‌కు వెళితే వలస పక్షుల మధ్య తెడ్డు వేసుకుంటూ తిరిగే పడవలు కనిపిస్తాయి. జనపథ్‌లోని నేషనల్ మ్యూజియంలో మన నౌకా వారసత్వానికి ఒక గ్యాలరీయే ఉంది. అక్కడి నమూనాల ముందు నిలబడితే పిల్లలు తెరచాపలు లెక్కపెడతారు, పెద్దలు పనితనం మెచ్చుకుంటారు. బ్యాంకులో పనిచేసేవాడికి మాత్రం వేరే సందేహం వస్తుంది. ఈ పడవకు పెట్టుబడి ఎవరు పెట్టారు? మునిగితే నష్టం ఎవరు భరించారు? ఏ ప్రదర్శనలోనూ పక్కనున్న చీటీ మీద ఈ సంగతి రాయరు. ఈ రోజు ఆ రెండు ప్రశ్నలే మాట్లాడుకుందాం.

ముందు మన చరిత్రలోకి వెళదాం. రెండో శతాబ్దపు శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు స్తంభాల ఓడ బొమ్మ ఉంది. డబ్బు మీద ఓడ ముద్రించారంటే, ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో ఆ రాజ్యానికి బాగా తెలుసన్నమాట.

తర్వాత చెప్పుకోవలసింది మోటుపల్లి. ఇప్పటి బాపట్ల జిల్లాలో ఉంది. కాకతీయ గణపతిదేవుడు 1244లో అక్కడ అభయ శాసనం వేయించాడు. అంతకుముందు తుపానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా రాజులు లాగేసుకునేవారు. ఇకమీదట అలా జరగదని, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని ఆ శాసనం వర్తకులకు మాట ఇచ్చింది. ఆ సుంకం ముప్పయ్యో వంతు. మన భాషలో చెప్పాలంటే, రాజు ఓడలకు అప్పు ఇవ్వలేదు, వర్తకుడి రిస్కు తగ్గించాడు. తుపాను ఎలాగూ తప్పదు, తుపాను తర్వాత దోపిడీ ఉండదన్న భరోసా దొరికితే పెట్టుబడి పెట్టేవాడు ముందుకొస్తాడు. సముద్రపు ఒడ్డున రాతి మీద చెక్కిన ఆ హామీ మన గ్యారంటీ పథకాలకు పూర్వీకురాలని నాకనిపిస్తుంది.

మూడోది కోరంగి. గోదావరి ముఖద్వారం దగ్గర ఒకప్పుడు ఓడలు కట్టిన, మరమ్మతు చేసిన రేవు. అక్కడి నుంచి బర్మాకు ఎంతమంది వెళ్ళారంటే, అక్కడ తెలుగువాళ్ళందరికీ ‘కొరంగీలు’ అన్న పేరు స్థిరపడింది. 1789లో, మళ్ళీ 1839లో వచ్చిన పెను తుపానులు ఆ రేవును దెబ్బతీశాయి. పక్కనున్న తాళ్ళరేవు మాత్రం చెక్క పడవల తయారీకి ఇప్పటికీ పేరున్న ఊరు.

ఇక పనితనం సంగతి. మన తీరంలో అలలు ఒడ్డునే విరుచుకుపడతాయి. మేకులతో బిగించిన పలకలు ఆ దెబ్బకు పగులుతాయి. అందుకే పూర్వం కోరమండల్ తీరంలో మసూలా పడవలను కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. కుట్టిన పడవ అల కొట్టినప్పుడు కాస్త వంగి మళ్ళీ నిలదొక్కుకుంటుంది. మద్రాసుకు హార్బరు రాకముందు ఓడల నుంచి మనుషులనూ సరుకులనూ ఒడ్డుకు చేర్చింది ఈ పడవలే.

ఆ విద్య విలువ ఎంతో ఈ మధ్యనే దేశమంతా చూసింది. అజంతా కుడ్యచిత్రంలోని ఓడను ఆధారం చేసుకుని ‘ఐఎన్ఎస్‌వీ కౌండిన్య’ను తాడుతో కుట్టి కట్టారు. పాతకాలపు ప్లానులు, కొలతలు మిగల్లేదు. కేరళకు చెందిన బాబు శంకరన్ నాయకత్వంలోని పనివాళ్ళు తమ చేతుల్లో ఉన్న విద్యతో దాన్ని కుట్టారు. 2025 మే 21న కార్వార్‌లో అది నౌకాదళంలో చేరింది. డిసెంబరు 29న పోర్‌బందర్‌లో బయలుదేరి 2026 జనవరి 14న మస్కట్ చేరింది. మన ప్రశ్న ఇక్కడ కూడా వేసుకుందాం. దీనికి పెట్టుబడి కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖది. మంచిదే. కానీ ఒక్క ఓడకు సర్కారు డబ్బు పెట్టగలదు. ఊరూరా పడవ చేసుకుని బతికే మేస్త్రికి ఎవరు పెట్టాలి?

ఆ జవాబులో మనం ఉన్నాం. పీఎం విశ్వకర్మ పథకాన్ని 2023 సెప్టెంబరు 17న ఇక్కడే, ద్వారకలోని యశోభూమిలో ప్రారంభించారు. అందులోని 18 వృత్తుల జాబితాలో వడ్రంగి తర్వాత రెండో పేరే పడవ తయారీదారు. పనిముట్లకు 15,000 రూపాయలు. తనఖా లేకుండా మొదట లక్ష వరకు, 18 నెలల గడువుతో. తర్వాత రెండు లక్షల వరకు, 30 నెలల గడువుతో. లబ్ధిదారుకు వడ్డీ 5 శాతమే.

ఈ వివరాలన్నీ మనకు సర్క్యులర్లో ఉన్నాయి. అందులో ఉండనిది మేస్త్రి రాబడి తీరు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు చేపల వేట నిషేధం. పడవలు ఒడ్డున ఉండేది అప్పుడే కాబట్టి మరమ్మతు పని ఎక్కువగా అప్పుడే వస్తుంది. కానీ ఆ రెండు నెలలూ పడవ యజమాని చేతిలో డబ్బుండదు. వేట మొదలై చేప దొరికాకే మేస్త్రికి బాకీ తీరుతుంది. అంటే కలపకు, మేకులకు, కూలీలకు ఖర్చు ముందు, రాబడి వెనక. నెలనెలా వాయిదా మాత్రం ఆగదు. ఈ లెక్క తెలియని అధికారికి జూన్‌లో ఆగిన వాయిదా ఎగవేతలా కనిపిస్తుంది. తెలిసినవాడు రుణం ఇచ్చేరోజే మేస్త్రితో కూర్చుని, మంచి నెలల్లో కొంత సొమ్ము ఖాతాలో నిలవ ఉంచుకోమని చెప్తాడు.

ఇంకొక పని కూడా చేయవచ్చు. 2018-19 నుంచి కిసాన్ క్రెడిట్ కార్డు మత్స్యకారులకూ ఇస్తున్నాం. మేస్త్రికి ఒక్కడికే అప్పిచ్చి ఊరుకోకుండా, ఆయన ఖాతాదారులైన మత్స్యకారులకు కార్డు ఇస్తే వేటకు కావలసిన ఖర్చు చేతిలో ఉంటుంది, మేస్త్రి బాకీ త్వరగా తీరుతుంది. పడవ చేసేవాడి రుణం తీరాలంటే పడవ నడిపేవాడి చేతిలో డబ్బు ఆడాలి. ఇద్దరూ మన బ్రాంచి ఖాతాదారులే అయితే అంతకంటే కావలసిందేముంది?

ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఫైబర్ పడవ కొనుక్కునే మత్స్యకారుణ్ణి తప్పుపట్టలేం. అది తేలిక, ఏటేటా సందులు పూడ్చే పని ఉండదు. 2004 సునామీ తర్వాత అవి ఇంకా పెరిగాయి. అన్ని చెక్క పడవలనూ బ్యాంకు రుణం నిలబెట్టలేదు. అయితే పని ఉండి, కట్టించుకునేవాళ్ళు ఉండి, కేవలం ముందు పెట్టుబడి లేక ఒక మేస్త్రి బాడిసె పక్కన పెట్టి వేరే కూలికి వెళితే, ఆ నష్టం మాత్రం మనం ఆపగలిగినదే. ఆ విద్య ఏ కాగితం మీదా లేదు, చేతి నుంచి చేతికే వస్తుంది. మధ్యలో ఒక్క తరం తప్పితే మళ్ళీ అజంతా గోడ చూసి మొదలుపెట్టాలి.

మనలో ఎవరికైనా రేపు కాకినాడకో, మచిలీపట్నానికో, భీమునిపట్నానికో బదిలీ కావచ్చు. పడవ మేస్త్రి దరఖాస్తు బల్ల మీదికి వస్తే ‘వడ్రంగి’ అని రాసి పంపేయకండి. ఒక పూట రేవుకు వెళ్ళి, కట్టుబడిలో ఉన్న పడవ చూడండి. బయానా ఎంత ఇచ్చారు, కలపకు ఎంతయింది, మిగతాది ఎప్పుడొస్తుంది అని అడగండి. అప్రైజల్ నోట్‌కు కావలసిన అంకెలన్నీ ఆ ఒడ్డునే దొరుకుతాయి.