ఉద్యోగం చేశాక పీహెచ్‌డీకి



పట్టభద్రులారా, మీలో చాలామంది అడుగుతున్నారు: "సార్, ఇప్పుడే పీహెచ్‌డీలో చేరమంటారా, కొన్నాళ్లు ఉద్యోగం చేసి రమ్మంటారా?" ఇంట్లో వాళ్లు పెళ్లి సంగతీ అడుగుతుంటారు. అది నా శాఖ కాదు.

యూజీసీ నెట్ స్కోరుతో పీహెచ్‌డీ ప్రవేశమిచ్చే చోట ఆ స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం. ఉద్యోగం చేసిన ఏళ్లకు విడిగా మార్కుల్లేవు. అయితే ఆ 30 శాతం దగ్గరే అనుభవం పనికొస్తుంది. బల్లకు ఇటువైపు కూర్చునేవాణ్ని కాబట్టి చెబుతున్నాను. "తాగునీటి మీద చేస్తానండి" అంటే మేం తలూపి ఊరుకుంటాం. "నల్లగొండ పల్లెల్లో ఫ్లోరైడ్ తీసే ప్లాంట్లు ఎందుకు మూలపడుతున్నాయో తేల్చాలండి" అంటే కుర్చీ ముందుకు జరుపుకుంటాం. ఆ ప్లాంట్లతో రోజూ వేగినవాళ్లకే అలాంటి ప్రశ్న తడుతుంది. ఐదేళ్లు ఒకే ఫైలు అటూ ఇటూ జరిపినవాళ్లకు తట్టకపోవచ్చు.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు వైద్యం చదివాక మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. ఆ తర్వాతే బోస్టన్ చేరారు. హార్వర్డ్ డాక్టరేట్ 1930లో వచ్చింది. అన్నదమ్ములను పొట్టన పెట్టుకున్న స్ప్రూ జబ్బు మనసులో ఉండగా వెళ్లిన మనిషి ఆయన. తర్వాత ఫోలిక్ యాసిడ్ పరిశోధనను నడిపించారు.

ఆలస్యానికి ఖరీదూ ఉంది. యూజీసీ జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు (జేఆర్‌ఎఫ్) వయసు పరిమితి 30 ఏళ్లు. మహిళలకు, కొన్ని వర్గాలకు సడలింపు ఉంది. పైగా ఇంటి ఈఎంఐ మొదలయ్యాక నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్‌కు దిగిరావడం మాటలు కాదు. అలాంటివాళ్లకు 2022 యూజీసీ నిబంధనలు పార్ట్‌టైమ్ దారి చూపాయి. చదువుకు సమయమిస్తామని, కోర్సువర్క్‌కు అవసరమైతే విధుల నుంచి పంపుతామని యాజమాన్యం నిరభ్యంతర పత్రం (ఎన్‌వోసీ) ఇవ్వాలి. ఆ కాగితం వస్తుందో రాదో ఉద్యోగంలో చేరేటప్పుడే కనుక్కోండి.

ఇంకొకటి. విదేశాలకు దరఖాస్తు చేస్తే సిఫారసు లేఖలు కావాలి. నాలుగేళ్ల తర్వాత ఫోన్ చేసి "సార్, గుర్తున్నానా?" అంటే ఏం రాయగలం? ఏడాదికోసారైనా మీ పని గురించి నాలుగు ముక్కలు రాసి పంపండి. మేమూ దాచుకుంటాం.