ముదిమి ప్రకృతి శాసనమా?

మనిషి ఎందుకు ముసలివాడవుతాడని అడిగితే, తిరగ్గా తిరగ్గా బండి ఇరుసు అరిగినట్టు ఒళ్లూ అరుగుతుందని చప్పున చెబుతాం. ఆ జవాబు చాలదు. ఇరుసు తనను తాను బాగుచేసుకోలేదు. ఒంట్లో మాత్రం తెగిన చర్మం అతుక్కుంటుంది, విరిగిన ఎముక కూడుకుంటుంది. చిట్టెలుక మూడేళ్లు దాటడం అరుదు. దానికంటే చిన్నదైన బ్రాంట్ గబ్బిలం ఒకటి సైబీరియాలో 41 ఏళ్లు బతికింది. రెంటినీ చేసిన సరుకు ఒకటే, మరమ్మతులోనే తేడా. మరి బాగుచేసుకోవడం తెలిసిన శరీరం ఆ పనిని ఎందుకు సడలిస్తుంది?

1951లో లండన్‌లో జీవశాస్త్రవేత్త పీటర్ మెదావర్ చెప్పిన సమాధానమే నాకు సబబుగా తోస్తుంది. అడవిలో ఆకలి, రోగం, వేటాడే మృగం కలిసి చాలా జీవులను ముసలితనం దాకా రానివ్వవు. అందుకే ఆలస్యంగా బయటపడే లోపాలను ప్రకృతి వరణం గట్టిగా ఏరివేయలేదు. హంటింగ్టన్ వ్యాధి సాధారణంగా 30 నుంచి 50 ఏళ్ల మధ్య తలెత్తుతుంది. అప్పటికే ఆ జన్యువు పిల్లలకు చేరిపోయి ఉండవచ్చు. ఈ సంగతిని జన్యుశాస్త్రవేత్త హాల్డేన్ 1941లోనే గుర్తించాడు. 1957లో జార్జ్ విలియమ్స్ మరో మెట్టు ఎక్కాడు: వయసులో మేలు చేసే జన్యువే ముదిమిలో కీడు చేసినా, వరణం దాన్ని నిలుపుకుంటుందన్నాడు.

ఇది ఒట్టి ఊహ కాదు. అమెరికాలోని జార్జియా తీరాన సపెలో అనే దీవి ఉంది. పిల్లలను సంచిలో మోసే ఒపోసం జంతువులు అక్కడ కొన్ని వేల ఏళ్లుగా వేటమృగాల బెడద పెద్దగా లేకుండా బతికాయి. వాటిని ప్రధాన భూభాగంలోని జాతివాళ్లతో పోల్చి స్టీవెన్ ఆస్టాడ్ 1993లో ఫలితాలు ప్రకటించాడు. దీవిలోనివి ఎక్కువ కాలం బతుకుతున్నాయి, ఈతకు తక్కువ పిల్లలను కంటున్నాయి, వాటి తోకలోని స్నాయుబంధనపు (టెండన్) పీచు కూడా నిదానంగా బిరుసెక్కుతోంది. ప్రమాదం తగ్గినచోట ముదిమీ నెమ్మదించింది.

ముసలివాళ్లు తప్పుకుంటేనే కొత్త తరానికి చోటు, అందుకే ప్రకృతి చావును ఏర్పాటు చేసిందని కొందరంటారు. వినడానికి ఉదాత్తంగానే ఉంటుంది. కానీ తప్పుకోకుండా ఇంకో రెండు ఈతలు కన్న జీవి జన్యువులే ముందు తరాల్లో నిండుతాయి. త్యాగి వంశం అంతరిస్తుంది. క్రోమోజోముల చివరలుండే టెలోమియర్లు పొట్టిబడటమే మూలకారణమన్న వాదానికి ప్రయోగశాల ఎలుకే అడ్డు: దాని టెలోమియర్లు మనవాటికంటే చాలా పొడుగు.

గట్టి అభ్యంతరం మరొకటి. 1993లోనే సింథియా కెన్యన్ బృందం ఒక్క జన్యువును మార్చి నులిపురుగు ఆయుష్షును రెట్టింపు చేసింది. అంటే ముదిమికి ఒక మీట ఉన్నట్టే కదా? కాదు. ఇలాంటి దీర్ఘాయువు పురుగులను మామూలు పురుగులతో కలిపి పెంచినప్పుడు, కొన్ని తరాల్లో మామూలువే గెలిచాయి. ఆయుష్షు పెంచిన మార్పు సంతానం విషయంలో వాటిని వెనక్కి నెట్టింది. పైగా పురుగులో ఫలించినది మనిషిలో అంతగా ఫలిస్తుందని చెప్పలేం. టీకాలు, మంచినీరు, మందులు సగటు ఆయుర్దాయాన్ని ఎంతో పెంచాయి. అయినా 122 ఏళ్లు బతికి 1997లో మరణించిన ఫ్రాన్స్ మహిళ జాన్ కాల్మాన్‌ను ఇంతవరకూ ఎవరూ దాటలేదు.