వ్యాకరణ శిక్షణము – అంతర్జాల సాధనములు
(రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రామమునకు విజ్ఞానమును పంచుచున్న గ్రంథాలయమున మాటలాడు అవకాశ మొసగిన కార్యవర్గమునకు నా కృతజ్ఞతలు. పిల్లలకు వ్యాకరణమును, వ్రాతను నేర్పుటకు అంతర్జాలమున లభించు సాధనములను గూర్చి నాలుగు మాటలు విన్నవించెదను.

ఇటీవల ఒక విద్యార్థి కంప్యూటరుపై వ్రాసిన ఆంగ్ల లేఖను నాకు చూపెను. అందు దోష మొక్కటియు లేదు. ఆ విషయమునే కాగితముపై వ్రాయుమనగా నాలుగు పంక్తులలో మూడు తప్పులు దొరలినవి. కారణ మడుగగా, "ఎర్రగీత పడినచోట నొక్కితినండీ, అదియే దిద్దినది" అనెను.

2009లో వెలువడిన గ్రామర్లీ వంటి సాధనములు ఇట్లు దోషములను చూపి దిద్దును. 2022 నవంబరులో వచ్చిన ఛాట్‌జీపీటీ వ్యాసమునే వ్రాసి యిచ్చును. కట్టలకొలది నోటుపుస్తకములు దిద్దవలసిన ఉపాధ్యాయునకు ఇట్టివి కొంత సాయమే. కాని తప్పు ఏల తప్పయ్యెనో యెరుగని విద్యార్థికి దిద్దిన కాగితము మిగులును గాని, విద్య మిగులదు.

మన భాషకును మంచి సాధనములు కలవు. ఆంధ్రభారతి జాలస్థలియందు శబ్దరత్నాకరము, బ్రౌను నిఘంటువు, సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదలగువానిని ఒక్కచోటనే వెదకవచ్చును. పల్లెటూరి పఠనమందిరమునకు ఇది గొప్ప సంపద. అయితే "చెట్టెక్కెను" అను మాట ఆ రూపమున నిఘంటువునందు కానరాదు. ఉత్వసంధిని విడదీసి "చెట్టు", "ఎక్కెను" అనుకొనవలయును. పిదప "ఎక్కు" అను ధాతువును గుర్తింపవలయును. అనగా, సాధనమును వాడుటకే వ్యాకరణము కావలయును. ఇట్టి సంధుల వలననే యంత్రము సరియైన తెలుగుమాట క్రిందను ఎర్రగీత గీయుట కలదు. నియమ మెరిగిన బాలుడు దానిని త్రోసిపుచ్చును. ఎరుగనివాడు ఒప్పునే తప్పుగా దిద్దుకొనును.

కావున నాదొక మనవి. వారమున కొక సాయంకాలము పిల్లల నిచట కూర్చుండబెట్టుడు. ముందుగా పది పంక్తులు స్వహస్తముతో వ్రాయింపుడు. పిమ్మట యంత్రమునకు చూపి, అది దిద్దిన ప్రతి తప్పునకును కారణమును ప్రక్కన వ్రాయింపుడు. కారణము చెప్పలేనిచో దిద్దుబాటును అంగీకరింపవలదు. పెద్దల నడిగి తెలిసికొనవలయును.

తన అర్జీని తానే తప్పులేకుండ వ్రాసికొనగల పౌరులను ఈ గ్రంథాలయము తయారుచేయుగాక! సెలవు.