పాత గోడకు పూత



సంక్రాంతి వెళ్లింది. పంట ఇల్లు చేరింది. సరే, మీ ధాన్యపు బస్తాలు ఆనుకున్న గోడ ఎలా ఉందో ఎప్పుడైనా చూశారా?

మా పెదనాన్నగారిది తాతలనాటి మిద్దె ఇల్లు. మట్టి అడుసుతో కట్టిన ఇటుక గోడలు, పైన సున్నపు పూత. పడమటి గోడ పూత రాలుతోందని, గట్టిగా ఉంటుంది గదా అని, మందంగా సిమెంటు పూయించారు. మూడు వానాకాలాలు గడిచాయి. బయటికి గోడ నిక్షేపంలా కనిపిస్తూనే ఉంది. లోపల మాత్రం చెమ్మ. విత్తనానికి దాచిన వడ్లు అడుగు బస్తాల్లో బూజు పట్టాయి. ఆ ఏడు విత్తనం కొనుక్కోవలసి వచ్చింది.

ఎందుకిలా జరిగింది? పాత గోడ నేలలోంచి కొంత తేమ పీలుస్తుంది. సున్నపు పూతలోంచి ఆ తేమ ఆవిరై పోతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. పైగా సిమెంటు బిరుసు. మెత్తని గోడ కదిలితే అది బీటలిస్తుంది. బీటలోంచి వాననీరు దిగుతుంది, తిరిగి రాలేక లోపలే నిలుస్తుంది.

కాబట్టి ముందు చెయ్యవలసింది పూత కాదు, నీటిని ఆపడం. మిద్దె నీళ్లు గోడమీద పడుతున్నాయా? గోడ మొదట్లో మట్టి పేరుకుందా? స్నానాల నీళ్లు అక్కడే ఇంకుతున్నాయా? ఇవి సరిచేసి, గోడను బాగా ఆరనివ్వండి.

ఆ తరువాత వేలి కణుపుతో పూతను తట్టండి. బోలుగా మోగితే అది గోడను వదిలేసిందన్నమాట. అంతమేరకే ఉలితో మెల్లగా రాల్చండి. గట్టిగా ఉన్నదాన్ని కదపకండి. గోడ ఉబ్బినా, ఒరిగినా మీరు ముట్టుకోవద్దు, అనుభవమున్న తాపీ మేస్త్రీకి చూపించండి.

ఇక సున్నం. కాల్చిన సున్నాన్ని నీళ్లలో వెయ్యాలి గాని, సున్నం మీద నీళ్లు పొయ్యకూడదు. అది కుతకుత ఉడుకుతుంది. పిల్లల్ని దూరంగా ఉంచండి, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. కనీసం రెండు వారాలు నీటి కిందే నాననివ్వండి. నానిన సున్నం ఒక పాలు, మట్టిలేని గరుకు ఇసుక మూడు పాళ్లు కలపండి. గోడను దులిపి, తడిపి, అర అంగుళానికి మించకుండా ఒక పూత వెయ్యండి. అది గట్టిపడ్డాక రెండోది. ఎండ తగలకుండా తడి గోనెపట్టాలు కట్టి, వారం రోజులైనా చెమ్మగా ఉంచండి. తొందరగా ఆరిన సున్నం పొడిపొడిగా రాలిపోతుంది.

పూర్తిగా మట్టిగోడే అయితే, వరిగడ్డి ముక్కలు కలిపి కొన్నాళ్లు మాగనిచ్చిన మట్టే పూసి, పైన వెల్ల వెయ్యండి.

వేడి సంగతి కూడా ఒక్కమాట. మిద్దె పైన తెల్లగా వెల్ల వేస్తే ఎండ చాలావరకు వెనక్కి పోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పులకోసం ఒక విధానమే ప్రకటించింది. పడమటి గోడకు పందిరి వేసి తీగ పాకిస్తే మరీ మంచిది.

మా పెదనాన్నగారు ఆ సిమెంటు తీయిస్తే, పెచ్చులతోపాటు ఇటుకలూ ఊడివచ్చాయి. ఇప్పుడు సున్నం పూయించారు. బస్తాలు గోడకు జానెడు ఎడంగా, చెక్కల మీద పెడుతున్నారు.

తొలకరికి ఇంకా వ్యవధి ఉంది. రేపు పొద్దున్నే లేచి మీ గోడ ఒకసారి తట్టి చూడండి. సెలవు.