కాగితపు మిల్లు పొగగొట్టము

(ఒక పఠనమందిరమున మే మొనర్చిన ప్రసంగము)



పఠనమందిరమున కూర్చుండి కాగితమును దూషించుట తల్లిపాలు త్రాగి రొమ్ము గ్రుద్దినట్లుండును. మేము దూషణకు రాలేదు. మనము చదువు పత్రికయు, మావంటి వకీళ్లు దాఖలుచేయు దావాకాగితమును, వర్తకుడు సరకు పెట్టియిచ్చు అట్టపెట్టెయు, ఎచ్చటనో యొక బాయిలరులో ఇంధనము మండగా పుట్టినవే. ఆ ఇంధనపు లెక్కను మీ యెదుట నుంచుటకు మాత్రమే వచ్చితిమి.

కాగితమనగానే జనులకు చెట్టు జ్ఞప్తికి వచ్చును గాని బొగ్గు రాదు. కాగితము పుట్టుక నొకింత చూడుడు. యంత్రపు జల్లెడపై గుజ్జు పడునపుడు అందు నూటికి 99 పాళ్లు నీరే. కొంత నీరు జల్లెడనుండి కారిపోవును. కొంత రోలర్ల నడుమ పిండగా పోవును. అంతట ఇంచుమించు సగము పీచును సగము నీరునుగా మిగులును. ఈ మిగిలిన నీటిని ఆవిరితో కాచిన ఇనుప దొర్లుచుట్టలపై ఇగిర్చవలయును. అనగా టన్ను కాగితమునకు సుమారు టన్ను నీటిని ఆవిరిచేసి గాలిలో కలుపుచున్నారన్నమాట. బట్టను గట్టిగా పిండినవారికి ఎండతో పని తక్కువ యని ఇంటింటను ఎరుగుదురు. మిల్లులోను ఇదియే న్యాయము. పిండుటలో నూటికొకపాలు పొడితనము హెచ్చినచో, ఆరబెట్టు ఆవిరిలో నూటికి నాలుగుపాళ్లు మిగులునని ఆ వృత్తివారి లెక్క. కర్బనమును తగ్గించుట యనగా ఏదో ఆకాశవిద్య యని భయపడువారికి మేము మొదట చెప్పు మాట యిదియే.

మన దేశమున ఆ ఆవిరి కొరకు పెక్కు మిల్లులు బొగ్గును మండించుచున్నవి. బొగ్గులోని కర్బనము గాలిలోని ప్రాణవాయువుతో కూడి బొగ్గుపులుసు వాయువగును. 12 పాళ్ల కర్బనము 44 పాళ్ల వాయువగును గనుక, బూడిద యెక్కువగల మన బొగ్గు సయితము టన్నుకు ఒకటిన్నర టన్నుల వాయువును వదలును. ఆ వాయువు శతాబ్దములకొలది మన నెత్తిపై నిలిచి వేడిమిని పట్టి యుంచును.

అయితే కాగితపు పరిశ్రమకు, ఇనుము సిమెంటు పరిశ్రమలకు లేని యొక భాగ్యము గలదు. కఱ్ఱను మందులతో ఉడికించి పీచును వేరుచేయగా మిగులు నల్లని ద్రావకమున, చెట్టు కట్టుబడికి జిగురైన లిగ్నిన్ అను పదార్థముండును. దానిని చిక్కబరచి ప్రత్యేకపు బాయిలరులో మండించినచో ఆవిరియు, విద్యుత్తును లభించును. ఉడికించిన మందులును తిరిగి చేతికి వచ్చును. మంచి గుజ్జుమిల్లు తన చెఱకుపిప్పిని తానే పొయ్యిలో పెట్టుకొను బెల్లపుబట్టీ వంటిది. ఈ పొగయు బొగ్గుపులుసు వాయువే గదా యని మీరడుగవచ్చును. అవును. కాని మూడు నాలుగేండ్ల క్రిందట మొక్క గాలినుండి తీసికొన్నదే అది. మరల మొక్క నాటిననే ఆ ఋణము తీరును. నాటనిచో తీరదు. అడవి నరికి, తోట వేసితిమను వాదమును మే మంగీకరింపజాలము.

ఈ విషయమున మన తెలుగునాట చరిత్ర గలదు. రాజమహేంద్రవరమున 1924లో కర్ణాటిక్ పేపరు మిల్లు పేరున వెలసిన కర్మాగారమును, 1938లో నిజాము ప్రభుత్వ కాలమున స్థాపితమై కాగజ్‌నగరమునకు పేరిచ్చిన సిర్పూరు మిల్లును, చిరకాలము ఏజెన్సీ వెదురుపైననే బ్రదికినవి. 1988 జాతీయ అటవీ విధానము, పరిశ్రమలు తమ కఱ్ఱను రైతులతో పొత్తుపెట్టుకొని పెంచుకొనవలెనే గాని సహజారణ్యమును ఆశింపరాదని శాసించినది. అప్పటినుండి జామాయిలు, సుబాబుల్, సరుగుడు తోటలు మన పొలములలో విస్తరించినవి. రైతు ఈ ఋణపు లెక్కలో జమపద్దు. కఱ్ఱ ధర పడిపోయిన యేట అతడు దుబ్బులు పెకలించి వేరొక పైరు వేయును. అప్పుడు జమపద్దు కొట్టివేయబడును. కఱ్ఱధర తగవును రైతుల గోడుగా మాత్రమే చూచువారు దానిలోని కర్బనపు సంగతిని మరచుచున్నారు.

ఇక శాసనము. 2012లో కేంద్రప్రభుత్వము శక్తిపొదుపు లక్ష్యములు విధించిన ఎనిమిది పరిశ్రమలలో కాగితమొకటి. 2022లో శక్తి సంరక్షణ చట్టము సవరింపబడినది. 2023లో కర్బనపు జమాపత్రముల వర్తకపు పథకము ప్రకటితమైనది. 2025 అక్టోబరులో ప్రకటించిన నియమములలో అల్యూమినియము, సిమెంటు, క్లోర్-ఆల్కలీ పరిశ్రమలతోపాటు గుజ్జు కాగితపు మిల్లులకును, 2023-24 సంవత్సరపు లెక్కను మూలముగా గొని, లక్ష్యములు నిర్ణయించిరి. లక్ష్యమును మించి తగ్గించినవారికి పత్రములు లభించును. తప్పినవారు పత్రములు కొనవలెను, లేదా వాని సగటు వెలకు రెట్టింపు పరిహారము చెల్లింపవలెను. చట్టమునకు కోరలున్నవి. మాకు సంతోషమే.

కాని వకీలు కన్ను వాక్యములోని చిన్నమాటపై పడును. లక్ష్యము టన్ను సరకునకు ఇంత యని. మొత్తమున ఇంత యని కాదు. ఉదాహరణకు, టన్నుకు 2 టన్నుల వాయువు వదలుచు లక్ష టన్నుల కాగితము చేయు మిల్లు పొగ 2 లక్షల టన్నులు. అది టన్నుకు 1.8కి దిగి, ఉత్పత్తిని లక్షన్నరకు పెంచినచో పొగ 2 లక్షల 70 వేలగును. చట్టము దృష్టిలో అది మెచ్చదగిన మిల్లు! ఇది మోసమని మేమనము. మన దేశమున మనిషికి సాలీనా 15 కిలోల పైచిలుకు కాగితము మాత్రమే దొరకుచుండ, ప్రపంచపు సగటు 50 దాటుచున్నది. బడిపిల్లవాని నోటుపుస్తకమునకు గరిష్ఠపరిమితి పెట్టుమని యెవరనగలరు? అయినను పలుచని లక్ష్యముతో తృప్తిపడరాదు. ఏటేట అది దిగవలెను, అడుగువారుండవలెను.

నోటుపుస్తకము వేరు, పెట్టెలో పెట్టె వేరు. 2022 జూలై 1 నుండి ఒక్కసారి వాడి పారవేయు ప్లాస్టికు వస్తువులు కొన్ని నిషిద్ధములయ్యెను. వాని స్థానమున కాగితపు వస్తువులు వచ్చినవి. కాగితమైనచో దోషము లేదని మనము నెమ్మదించితిమి. 2011లో ఇంగ్లండు పర్యావరణ సంస్థ లెక్కకట్టి, కాగితపు సంచిని మూడుసారులైన వాడిననే, ఒకసారి వాడిన పలుచని ప్లాస్టికు సంచికంటె భూతాపమున మేలగునని తేల్చినది. నూలుసంచిని 131 సారులు వాడవలెనట. నూలుసంచి యభిమానులము గనుక మేము ఉలికిపడితిమి, పిదప లెక్కించుకొంటిమి. దినమునకొకసారి బజారుకు పోవువానికి అది అయిదునెలలు దాటని పని. సంచి చిరుగువఱకు వాడువానికి చింత లేదు. వేడుకకొక సంచి పంచువానికే చింత. అంగడికి తెప్పించుకొను గోరంత వస్తువునకు కొండంత పెట్టె యెందులకు? దానిపై ప్లాస్టికు పూత యెందులకు? ఆ పూత యున్న యట్టను మరల గుజ్జుచేయుట కష్టము.

చిత్తుకాగితమును గుజ్జుచేసినచో చెట్టు మిగులుట నిజము. కఱ్ఱ నుడికించు శ్రమయు మిగులును. అయితే ఒక చిక్కు గలదు: చిత్తుకాగితపు మిల్లునకు ఆ నల్లని ద్రావకముండదు. ఆవిరికి అది బొగ్గును నమ్ముకొన్నచో, మనము పోగుచేసి పంపిన పాతపత్రికలు బొగ్గుపొయ్యి నానుకొని పునర్జన్మ మెత్తుచున్నట్లే. అటువంటి మిల్లులకు ఊక, పొట్టు, సూర్యశక్తి, వ్యర్థజలమునుండి తీయు మండువాయువు తోడ్పడవలెను. మన వంతు మరియొకటి: తడిచెత్తలో కలిసిన కాగితము మిల్లునకు పనికిరాదు. అది ఊరిబయటి దిబ్బలో గాలిలేక కుళ్లి మీథేనగును. అది నూరేండ్ల లెక్కలో బొగ్గుపులుసు వాయువునకు 28 రెట్లు తాపకారి. వీధివీధి తిరిగి పొడికాగితమేరు స్త్రీలు ఈ యూరికి చేయు మేలు పురపాలక సంఘపు లెక్కలలో ఏ పద్దునను కానరాదు.

పొగ తగ్గుటకు ఒక క్రూరమార్గమును గలదు. సిర్పూరు మిల్లు 2014లో మూతపడెను. 2018లో జేకే పేపరువారి చేతిలో తిరిగి తెరువబడెను. ఆ నాలుగేండ్లు కాగజ్‌నగరపు పొగగొట్టమున బొగ్గుపులుసు వాయువు లేదు. కాని కార్మికుల యిండ్లలో పొయ్యిపొగయు కరవయ్యెను. ఆ విధమైన తగ్గుదలను మేము లెక్కలో చేర్చము.

మా వృత్తివారిని గూర్చియు ఒకమాట. వెడల్పైన అంచులు విడిచి, ఒకప్రక్కనే అచ్చువేసి, అయిదారు ప్రతులు దాఖలుచేయుట మాకు పరంపరాగతము. సుప్రీముకోర్టు 2020 ఏప్రిలు నుండి ఏ-4 కాగితముపై ఇరుప్రక్కల అచ్చును అనుమతించినది. చిన్న గదులలో పాత అలవాటు ఇంకను పోలేదు. ఏ కక్షిదారుడును తన వ్యాజ్యము వీపుప్రక్క నుండుటచే ఓడిపోయినట్లు మేము వినలేదు.

2022-23 నుండి, షేరుబజారులో నమోదైన మొదటి వేయి కంపెనీలు తమ పొగలెక్కను వార్షిక నివేదికలో ప్రకటింపవలెనను నియమము గలదు. పెద్ద కాగితపు కంపెనీల నివేదికలు అందరికిని లభ్యములు. వానిని తెప్పించి, టన్నుకెంత, మొత్తమెంత, బొగ్గెంత, నల్లద్రావకమెంత యని తెలుగున పట్టికవేసి ఈ మందిరపు గోడపై అతికింప దలచితిమి. లెక్కలు తెలిసిన యువకులిద్దరు కావలెను. ఇష్టమున్నవారు సభానంతరము కార్యదర్శిగారికి పేరీయవచ్చును.