గీబత్, చుగ్లీ, పుకారు: మాటల్లో తేడా
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



చాడీల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు ఆజ్ఞాపించారు. ఉపదేశం చేయడం ఆలిములైన పెద్దల పని. నేను బడిలో ఉర్దూ పాఠాలు చెప్పుకునేవాణ్ణి, కనుక మాటల అర్థాలు మాత్రం మనవి చేస్తాను. రోగానికి సరైన పేరు తెలిస్తే మందు సగం దొరికినట్టే.

మనకు ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. ఈ విషయంలో రెండు భాషలకూ మాటల కరువు లేదు. కొన్ని మాటలైతే ఇటునుంచి అటు వెళ్లాయి. తెలుగువారి 'కబురు' మన 'ఖబరే', అంటే వార్త. ఉర్దూలో 'పుకార్' అంటే పిలుపు, కేక. తెలుగులోకి పోయి 'పుకారు' అయ్యాక అది ఎవరు వేశారో తెలియని కేకగా మారింది. ఆ అర్థానికి ఉర్దూలో మనం 'అఫ్వాహ్' అంటాం. అరబ్బీలో ఆ మాటకు అసలు అర్థం 'నోళ్లు'. తెలుగువారూ 'ఆ నోటా ఈ నోటా వచ్చింది' అంటారు కదా! పుకారుకు నోళ్లెన్నో ఉంటాయి గానీ యజమాని ఉండడని రెండు భాషలవారూ కనిపెట్టారన్నమాట.

ఇక 'గీబత్'. దీని ధాతువులో ఉన్న అర్థం కనబడకపోవడం. 'గాయబ్' అయ్యాడంటామే, అదీ ఇదీ ఒక్క ధాతువు నుంచే పుట్టాయి. మనిషి ఎదుట లేనప్పుడు అతనికి నచ్చని సంగతి చెప్పుకోవడం గీబత్. 'ఉన్నమాటే కదండీ అన్నాను' అని చాలామంది సమర్థించుకుంటారు. ఉన్నమాట అయితేనే గీబత్. లేనిది అంటగడితే దాని పేరు 'బొహ్తాన్', తెలుగులో అపనింద. ఈ తేడాను ప్రవక్త (స) వారే వివరించినట్టు హదీసులో ఉంది.

ఇక్కడి మాట అక్కడికి, అక్కడి మాట ఇక్కడికి మోసి ఇద్దరి మధ్య తగువు పెడితే 'చుగ్లీ'. తెలుగులో చాడీ, కొండెం, పుల్లలు పెట్టడం. ఆ పని చేసేవాడు 'చుగల్‌ఖోర్'. ఫారసీలో 'ఖోర్' అంటే తినేవాడు. తెలుగు 'దగాకోరు'లోని కోరు కూడా అదే. ఖురాన్ 49వ అధ్యాయమైన హుజురాత్, 12వ వాక్యంలో, గీబత్‌ను చనిపోయిన సోదరుని మాంసం తినడంతో పోల్చారు. ఎందుకంటారా? చనిపోయినవాడు తిరిగి జవాబు చెప్పలేడు. ఎదుట లేనివాడూ అంతే.

తెలుగులో 'అట' అని ఒక చిన్న మాట ఉంది. 'తాగుతాడట'. మన గోదావరి వైపైతే 'తాగుతాడంటండి'. ఉర్దూలో 'సునా హై' అంటాం. నేను చూడలేదు, విన్నాను అని నిజాయితీగా చెప్పడానికి అది మంచి మాటే. మనం మాత్రం చేతులు కడుక్కోవడానికి వాడుతున్నాం. పైగా నాలుగో ఇంటికి చేరేసరికి 'అట' ఊడిపోతుంది. 'తాగుతాడట' కాస్తా 'తాగుతాడు' అయి కూర్చుంటుంది. మన అన్నవరం అసలే యాత్రికుల ఊరు. ఇక్కడ పుట్టిన మాటకు రైలూ ఉంది, బస్సూ ఉంది.

పెళ్లి సంబంధాల దగ్గర చూడండి. 'పిల్ల మంచిదే ఖాలా, గానీ... మనకెందుకులే' అంటారు. ఆ 'గానీ' తర్వాత ఏమీ చెప్పలేదు కాబట్టి పాపం లేదనుకుంటారు. కానీ విన్నవారు ఆ ఖాళీని తమకు తోచినదానితో నింపుకుంటారు. మగపిల్లవాడి తరఫువారు మళ్లీ రారు, కారణమూ చెప్పరు. ఆ అమ్మాయిని ఎవరూ ఏమీ అడగలేదు. ఇక ఆమె జవాబు ఎవరికి చెప్పాలి?

అయితే ఇంకో వైపు కూడా చెప్పాలి. కోడలు తన మీద చెయ్యెత్తారని పుట్టింట్లో చెప్పుకుంటే, 'గీబత్ చేయకమ్మా' అని నోరు మూయిస్తున్నవారు ఉన్నారు. ఇది ఆ మాటకు మనం చేస్తున్న అన్యాయం. 13వ శతాబ్దపు ఇమామ్ నవవీ, లేని మనిషి లోపం చెప్పడానికి అనుమతి ఉన్న సందర్భాలు ఆరు లెక్కగట్టారు. అన్యాయానికి గురైనవారు న్యాయం చేయగలవారితో మొరపెట్టుకోవడం, తప్పును ఆపడానికి సాయం అడగడం, హాని జరగకుండా హెచ్చరించడం, వాటిలో ఉన్నాయి. పెళ్లి విషయమై సలహా అడిగినప్పుడు తెలిసిన నిజం చెప్పడం కూడా ఆ హెచ్చరిక కిందికే వస్తుంది. ప్రభుత్వం వారూ 2005లో గృహహింస చట్టం చేశారు. కనుక బాధపడినవారి మొర గీబత్ కాదు. 'గానీ' అని నసిగి వదిలేయడమూ తప్పే, తెలిసిన ప్రమాదాన్ని దాచడమూ తప్పే.

ఇప్పుడు నోటికి తోడు సెల్‌ఫోను వచ్చింది. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని వాట్సాప్‌లో పుకార్లు లేచి, మన తెలుగు జిల్లాలతో సహా దేశంలో పలుచోట్ల అమాయకులను కొట్టి చంపారు. ఆ ఏడాది జులైలోనే ఆ కంపెనీ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారి అయిదు చోట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. వేలికైతే కంపెనీ కట్టడి పెట్టగలదు గానీ, నాలుకకు ఎవరికి వారే పెట్టుకోవాలి.

కనుక ఇళ్లలో పిల్లలకు మూడు ప్రశ్నలు నేర్పుదాం. ఆ మనిషి ఇక్కడ కూర్చుని ఉంటే ఈ మాట అంటామా? కళ్లారా చూశామా, 'అట'యేనా? చెప్పడం వల్ల ఎవరికైనా హాని తప్పుతుందా? మూడింటికీ జవాబు కాదనే వస్తే నోరు కట్టేసుకోవడం మేలు.

ఎదుటివారు మొదలుపెడితే వారితో పోట్లాడనక్కర్లేదు. 'ఆయన వచ్చాక మాట్లాడుకుందామండి' అంటే చాలు. మర్యాదకు లోటు రాదు, లేని మనిషి పరువూ నిలుస్తుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదని మన తెలుగు సామెత ఉండనే ఉంది.