కోర్సు వదలాలా, ఉండాలా?

 

పట్టాలు అందుకున్న పిల్లలూ, నాలుగేళ్లలో మీరు 160 క్రెడిట్లు గట్టెక్కించారు. కొన్ని మొదటి దెబ్బకే వచ్చి ఉంటాయి, కొన్ని సప్లీలో వచ్చి ఉంటాయి. నా లెక్కలో రెండూ కష్టార్జితమే. మీలో చాలామంది త్వరలో అమెరికాలో ఎంఎస్ తరగతుల్లో కూర్చోబోతున్నారు. అక్కడ మొదటి సెమిస్టరులోనే ఎదురుకాగల ఒక ప్రశ్న గురించి చెప్పాలని వచ్చాను. ఎంతకీ కొరుకుడుపడని కోర్సులో ఉండాలా, తప్పుకోవాలా?

దీనికి మన చదువు మిమ్మల్ని సిద్ధం చేయలేదు. మన దగ్గర కోర్ సబ్జెక్టును మధ్యలో వదిలే దారి లేదు. హాజరు 75 శాతం ఉంటే పరీక్ష రాస్తాం, పోతే సప్లీ ఫీజు కడతాం, పాసయ్యేదాకా రాస్తూనే ఉంటాం. ఆ అలవాటుతోనే విమానం ఎక్కుతారు. మిడ్‌టర్మ్‌లో వందకు ముప్ఫై వచ్చినా, చివర్లో గట్టిగా కూర్చుంటే సరిపోతుందిలే అనుకుంటారు. కానీ అక్కడ వారం వారం హోంవర్కుకు, ప్రాజెక్టుకు మార్కులుంటాయి. పోయినవాటిని చివరి పది రాత్రుల చదువు వెనక్కి తేలేదు.

ఒక లెక్క వేద్దాం. చాలా యూనివర్సిటీల్లో ఎంఎస్ విద్యార్థి సెమిస్టరుకు 9 క్రెడిట్లు, అంటే మూడు కోర్సులు, చదవాలి. జీపీఏ 3.0 కంటే తగ్గితే ప్రొబేషన్. ఒకదాంట్లో ఏ, ఒకదాంట్లో బీ, మూడోదాంట్లో ఎఫ్ వచ్చాయనుకోండి. 4, 3, సున్నా కలిపి మూడుతో భాగిస్తే 2.33. మళ్లీ 3.0కి చేరాలంటే తర్వాతి సెమిస్టరులో సగటున 3.67 తెచ్చుకోవాలి. అదే ఆ మూడో కోర్సు నుంచి గడువులోగా విత్‌డ్రా అయితే ట్రాన్‌స్క్రిప్ట్‌లో ‘డబ్ల్యూ’ అని పడుతుంది. దాన్ని జీపీఏలో కలపరు. మీ జీపీఏ 3.5 అవుతుంది. ఒక్క డబ్ల్యూతో ఎవరి భవిష్యత్తూ పాడవదు. అయితే ఆ కోర్సుకు కట్టిన ఫీజు అప్పటికి చాలావరకు తిరిగిరాదు. అప్పు తెచ్చిన ఇంట్లో అది చిన్న విషయం కాదని నాకు తెలుసు.

ఇక్కడే అసలు జాగ్రత్త. ఎఫ్-1 వీసాలో ఉన్నవాళ్లు సొంతంగా కోర్సు వదిలేసి పూర్తికాల విద్యార్థి స్థాయి కంటే కిందకు పడితే వీసా స్టేటస్‌కే ముప్పు. ముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి, అంటే డీఎస్‌ఓ, అనుమతి తీసుకోవాలి. చదువు ఇబ్బంది పేరుతో ఇచ్చే ఈ వెసులుబాటు ఒక డిగ్రీ స్థాయికి ఒక్కసారే. అప్పుడు కూడా కనీసం 6 క్రెడిట్లు చదవాలి, తర్వాతి సెమిస్టరులో పూర్తి లోడు తీసుకోవాలి. మొదట్లో ఇంగ్లీషు అందకపోవడం, అక్కడి బోధన పద్ధతి కొత్త కావడం, మీ స్థాయికి మించిన కోర్సులో పడటం వంటివే కారణాలుగా ఒప్పుకుంటారు. గ్రేడు తగ్గుతుందన్న భయం ఒక్కటే చాలదు. అనారోగ్యానికి నిబంధన వేరు, డాక్టరు పత్రం కావాలి.

మరి ఎప్పుడు ఉండాలి? నా అభిప్రాయం చెబుతాను. హోంవర్కుకు పన్నెండు గంటలు పడుతున్నా, గత నెల అర్థంకానిది ఈ నెల అర్థమవుతుంటే ఉండండి. ఆ కష్టం మీకు చదువు చెబుతోంది. ప్రాబబిలిటీ పునాది లేకుండా మెషీన్ లెర్నింగ్‌లో చేరి, బోర్డు మీది రెండో సమీకరణం దగ్గరే ఆగిపోతున్నారా? అప్పుడు లోపం పట్టుదలలో లేదు, కోర్సుల వరుసలో ఉంది. తప్పుకుని, ఆ పునాది వేసుకుని మళ్లీ రండి. ఏ ఆలోచనా లేకుండా తప్పుకుంటే మాత్రం ఏడాది తర్వాత అదే బెంచీలో, అదే సమీకరణం ముందు కూర్చుంటారు.

నిర్ణయం గదిలో ఒంటరిగా తీసుకోకండి. ప్రొఫెసర్‌కు ఆఫీస్ అవర్స్ ఉంటాయి. మన పిల్లలు మొహమాటంతో అటు వెళ్లరు. మిడ్‌టర్మ్ పేపరు పట్టుకుని వెళ్లి, ‘ఇక్కడి నుంచి నేను బీ తెచ్చుకోగలనా?’ అని సూటిగా అడగండి. అడిగినందుకు ఎవరూ చులకన చేయరు.

తల్లిదండ్రులకూ ఒక మాట. రేపు మీ అబ్బాయో అమ్మాయో ఫోన్ చేసి ఒక కోర్సు వదిలేస్తున్నానంటే, పక్కింటివాళ్ల పిల్లల పేరెత్తకండి. ఎందుకని అడగండి, చెప్పేది పూర్తిగా వినండి. ఇంట్లో తెలిస్తే ఏమంటారోనన్న భయంతోనే చాలామంది పిల్లలు గడువు దాటబెట్టుకుంటారు.

పిల్లలూ, అక్కడ అడుగుపెట్టిన మొదటి వారంలోనే అకడమిక్ క్యాలెండర్ తెరవండి. డబ్ల్యూ పడకుండా కోర్సు మార్చుకునే చివరి తేదీ, విత్‌డ్రా చివరి తేదీ, రెండూ ఫోన్‌లో పెట్టుకోండి. రెండో తేదీకి రెండు వారాల ముందే మీ ప్రొఫెసర్‌నూ, డీఎస్‌ఓనూ, ఇంట్లోవాళ్లనూ కదపండి. శుభం.